ప్రారంభోత్సవం కాని బల్ల

ఉపకరణ పరిరక్షణ శాఖ అని ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియకపోవడమే ఆ శాఖకి కావలసింది కూడా. తెలిస్తే జనం వస్తారు, జనం వస్తే కుర్చీల్లో కూర్చుంటారు, కూర్చుంటే కుర్చీలు అరుగుతాయి. ప్రభుత్వం కొన్న సామాను కొన్నది కొన్నట్టు కాపాడడం ఆ శాఖ పని. ఆ పని ఎంత నిష్ఠగా జరుగుతోందో చూడాలంటే ఆ జిల్లా ఆఫీసు గుమ్మంలో ఒక్కసారి నిలబడితే చాలు. కుర్చీలకి కొన్ననాటి పాలిథిన్ కవర్లు అలాగే ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఎవరైనా లేచారంటే కుర్చీ కూడా కాస్త దూరం వాళ్ళ వెంట వస్తుంది. ఫ్యాను రెక్కలకి చుట్టిన కాగితాలు ఊడిపోతాయని ఫ్యాను వెయ్యరు. వాటర్ కూలరు అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. దాని పక్కన ఒక మట్టికుండ పెట్టుకుని అందులో నీళ్ళు తాగుతారు. కుండ శాఖ ఆస్తి కాదు కాబట్టి దాన్ని వాడుకోవచ్చు.

ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు గుమ్మడి నరహరి. మంచివాడు, కాస్త తొందర మనిషి. అతని భార్య నీరజ నర్సీపట్నంలో ప్రభుత్వ బడి టీచరు. కూతురు మైత్రి అదే బళ్ళో రెండో తరగతి. నరహరి పనిచేసే ఊరికీ నర్సీపట్నానికీ మధ్య ఒక రైలు, రెండు బస్సులు, బోలెడంత నిట్టూర్పు. పెళ్ళయిన దగ్గర్నుంచీ బదిలీకి దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. పరిశీలనలో ఉంది అన్న జవాబు తప్ప ఇంకోటి రాలేదు. ఆమధ్య బళ్ళో పిల్లల్ని మీ ఇంట్లోవాళ్ళ బొమ్మ వెయ్యమంటే మైత్రి అమ్మనీ, తననీ, ఒక ఫోన్‌నీ వేసింది. మీ నాన్నేడమ్మా అని అడిగితే, ఇందులోనే ఉంటాడని ఫోన్ చూపించిందట. నీరజ ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది. నరహరికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఇలా ఉండగా రాజధానిలో పెద్దలకి ఒక ఉత్సాహం పట్టుకుంది. ఉద్యోగులు కూర్చుని కూర్చుని బరువెక్కిపోతున్నారనీ, ఆటలాడితే ఫైళ్ళు కూడా చురుగ్గా కదులుతాయనీ ఎవరో ఏదో సదస్సులో అన్నారట. అన్నవాళ్ళు అని ఊరుకున్నారు, విన్నవాళ్ళు ఊరుకోలేదు. వెంటనే సర్క్యులర్ దిగింది. జిల్లాలో ఉన్న శాఖలన్నిటి మధ్యా టేబుల్ టెన్నిస్ పోటీ జరపాలి. శాఖకి ఒక ఆటగాడు. గెలిచిన ఉద్యోగిని అతను కోరుకున్న ఊరికి బదిలీ చేస్తారు. ఈ ఆఖరి వాక్యం చదివి నరహరి గభాలున లేచాడు. కుర్చీ కూడా లేచింది.

అతనికి ఆట కొత్త కాదు. కాలేజీ రోజుల్లో సాయంత్రాలన్నీ టీటీ బల్ల దగ్గరే గడిపాడు. బల్లకి అవతలి వైపు ఎప్పుడూ నీరజే ఉండేది. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ చెప్పుకున్న కబుర్లకన్నా కొట్టుకున్న బంతులే ఎక్కువ. ఎప్పుడూ ఆవిడే గెలిచేది, అది వేరే సంగతి. సాయంత్రం ఫోన్ చేసి సర్క్యులర్ సంగతి చెబితే నీరజ మొదట నమ్మలేదు. నమ్మాక, ఆవిడలో పాత ఆటగత్తె లేచి కూర్చుంది.

"ఎడంచేతి వైపు వచ్చే బంతి మీకు ఏనాడూ తగల్లేదు. ముందు అది చూసుకోండి. ఊరికే ఫోజులు పెట్టి నుంచోకండి" అంది.

సరిగ్గా వారానికి వ్యానులో బల్ల వచ్చింది. బల్లతోపాటు బ్యాట్లు, వల, ఒక డబ్బా బంతులు. అన్నీ మీటింగు హాల్లోకి చేర్చారు. ఆఫీసంతా పని మానేసి చుట్టూ మూగింది. పాలిథిన్ కిందనుంచి ఆకుపచ్చ రంగు లేత అరిటాకులా కనిపిస్తుంటే నరహరికి నోరూరింది. జేబులోంచి బ్లేడు తీసి కవరు మీద పెట్టబోయాడు. వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. చూస్తే సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, రెండు మోకాళ్ళూ నొప్పులే. అయినా ఆ క్షణంలో ఆయన కదిలిన వేగం చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

దీనికింకా ప్రారంభోత్సవం కాలేదయ్యా అన్నారాయన, పసిపిల్ల చెవులు కుట్టకముందే కమ్మలు పెట్టబోయినవాణ్ణి మందలించినట్టు.

ప్రారంభోత్సవానికి కమిషనర్ గారు రావాలి. ఆయన రిబ్బను కత్తిరించాలి. అంతవరకూ బల్లను యథాతథ స్థితిలో ఉంచాలి. రిబ్బను మాత్రం ఆ రోజే కట్టేశారు. వల ఉండాల్సిన చోట ఆ చివరినుంచి ఈ చివరికి ఎర్ర రిబ్బను బిగించి, మధ్యలో ఒక పువ్వు ముడి వేశారు. హాలు బయట షామియానా వేశారు. తారీకు పెట్టుకున్నారు. తీరా ఆ రోజు పూలదండలు వచ్చాయి, కత్తెర పెట్టిన పళ్ళెం వచ్చింది, కమిషనర్ గారు మాత్రం రాలేదు. ఇంకెక్కడో ఇంకేదో ప్రారంభించడానికి వెళ్ళారట. రెండోసారి ఆ రోజు మంచిది కాదన్నారు. మూడోసారి రోజు మంచిదే గానీ కమిషనర్ గారే మారిపోయారు. కొత్తాయనకి మొదట్నుంచీ అంతా చెప్పుకురావాల్సి వచ్చింది. ఎండకి షామియానా వెలిసిపోతే తీసి కొత్తది వేశారు.

పోటీ తారీకు మాత్రం మారలేదు. నరహరికి గుండెల్లో రాయి పడింది. ధైర్యం చేసి డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాడు. పరాంకుశం గారిది నిండైన విగ్రహం. ఏ మాట మాట్లాడినా కింద సంతకం ఒక్కటే తక్కువన్నట్టు ఉంటుంది. ఊళ్ళో ఒక క్లబ్బులో టీటీ బల్ల ఉందనీ, ఆఫీసు అయ్యాక అక్కడికెళ్ళి ఆడుకుంటాననీ నరహరి మనవి చేసుకున్నాడు. పరాంకుశం గారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. ప్రభుత్వోద్యోగి శాఖ తరఫున ఆడే ఆటను బయట ఆడితే అది ప్రైవేటు ప్రాక్టీసు కిందికి వస్తుందనీ, అందుకు డాక్టర్లనే క్షమించని ప్రభుత్వం జూనియర్ అసిస్టెంట్లని క్షమిస్తుందనుకోవడం అమాయకత్వమనీ సెలవిచ్చారు.

"మరి బల్ల ముట్టుకోకుండా ఎలా ఆడేది సార్?" అన్నాడు నరహరి.

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. పాలిథిన్ కిర్రుమంది.

"చూడు నరహరీ. బంతి వాడితే పగులుతుంది. బల్ల వాడితే గీతలు పడతాయి. బ్యాటు వాడితే రబ్బరు ఊడుతుంది. ఆటను ఎంత వాడినా ఏమీ అరగదు. కాబట్టి వస్తువులను పక్కన పెట్టి, మనం ఆటను మాత్రమే వినియోగించుకుందాం."

దీనికి నిర్వస్తుక సాధన అని ఆయనే పేరు పెట్టారు. మర్నాడే మెమో వచ్చింది. బల్లకి బారెడు దూరంలో నేల మీద సుద్దముక్కతో గీత గీశారు. ఆటగాళ్ళు గీత దాటి లోపలికి రాకూడదు. చేతిలో బ్యాటు ఉన్నట్టూ, ఎదుట బంతి వస్తున్నట్టూ భావించుకుని ఆడాలి. నరహరికి జోడీగా దక్షిణామూర్తి గారిని వేశారు. ఆఫీసులో సీనియర్ ఆయనే కాబట్టి శాఖ తరఫున పోటీకి వెళ్ళే హక్కు మొదట ఆయనది. ఆటలో ఆయన్ని ఓడిస్తే తప్ప నరహరికి అవకాశం లేదు. ఇదీ నరహరి నెత్తిన పడ్డ సంగతి.

మొదటి రోజు పొద్దున్నే నరహరి సర్వీసు చేశాడు. దక్షిణామూర్తి గారు తిరిగి కొట్టారు. నరహరి మళ్ళీ కొట్టాడు. అలా కొట్టుకుంటూ పోయారు. లేని బంతి ఎవరికి తగలకుండా పోతుంది చెప్పండి. భోజనం వేళ దాకా ఒక్క పాయింటు కూడా రాలేదు. ఇద్దరూ బంతిని గాల్లోనే ఆపి క్యారియర్లు విప్పుకున్నారు. తిన్నాక అదే బంతి కొనసాగింది. పనుల మీద వచ్చిన జనం కిటికీలోంచి చూస్తూ తలలు అటూ ఇటూ తిప్పుతుంటే, వాళ్ళని చూసి దక్షిణామూర్తి గారికి హుషారు పుట్టింది. సాయంత్రానికి నరహరికి భుజం పడిపోయింది.

మర్నాడు తగవు మొదలైంది. బంతి నీకు తగల్లేదని ఈయన, తగిలిందని అతను. సంగతి పరాంకుశం గారి దాకా వెళ్ళింది. సందేహం కలిగిన ప్రతి సందర్భంలోనూ పాయింటు సీనియారిటీ ప్రాతిపదికన ఇవ్వాలని రెండో మెమో వచ్చింది. బంతే లేని ఆటలో సందేహం కలగని సందర్భం ఏముంటుంది? ఆ రోజునుంచి నరహరి ఎలా ఆడినా ఓడిపోయాడు. దక్షిణామూర్తి గారు ఎలా నుంచున్నా గెలిచారు. ఆయన మెడలో తువ్వాలు వేసుకుని ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు. మోకాళ్ళకి తొడుగులు వచ్చాయి. ఈ హాల్లో గాలి వాటం సరిగా లేక బంతి వంకర పోతోందని తిరగని ఫ్యాను వంక చూసి విసుక్కునేవారు. ఆయనకి బదిలీ అక్కర్లేదు, ఆ ఊళ్ళోనే సొంతిల్లుంది. రిటైరయ్యేలోగా ఇంట్లో షోకేసులో ఒక కప్పు ఉండాలి, అంతే ఆయన కోరిక. ఆ కప్పు కోసం తన పిల్లని తనకి కాకుండా చేస్తున్నాడీ పెద్దమనిషి అని నరహరి లోపల ఉడికిపోయేవాడు. పైకి మాత్రం సార్ సార్ అంటూనే ఆడేవాడు.

ఒకరోజు ఓపిక నశించింది. దక్షిణామూర్తి గారు చెయ్యి విసిరి ఒక షాటు కొట్టి, గొప్పగా చూశారు. నరహరి చెయ్యి ఎత్తలేదు. కదలకుండా నిలబడి, నీరసంగా అన్నాడు.

"ఇంత బలంగా కొడితే ఎలా సార్, బల్ల పట్టలేదు."

వెటకారంగానే అన్నాడు. కానీ దక్షిణామూర్తి గారి ముఖం చూస్తే అక్కడ వేరే ఏదో జరుగుతోంది. ఆయన తన కుడి భుజం వంక చూసుకున్నారు. తర్వాత ఎదుటి గోడ వంక చూశారు.

"ఎంత దూరం పోయిందంటావు?" అన్నారు మెల్లిగా.

"కిటికీలోంచి రోడ్డు మీద పడింది సార్."

"ఊఁ. ఈమధ్య పొద్దున్నే ఉలవలు తింటున్నాలే."

అని, ఆయనే వెళ్ళి నల్లబల్ల మీద నరహరి పేరు కింద ఒక పాయింటు వేశారు. ఆయనంతట ఆయన ఒప్పుకున్నాక సందేహం ఏముంది, సీనియారిటీ ఎక్కడుంది? నరహరికి తల తిరిగినంత పనైంది. మళ్ళీ సర్వీసు చేశాడు. రెండో షాటు రోడ్డు దాటి టీకొట్టు రేకు మీద పడింది. మూడోది బస్టాండు దాకా వెళ్ళింది. షాటు వెళ్ళిన దూరం పెరిగేకొద్దీ దక్షిణామూర్తి గారి ఛాతీ విచ్చుకుంది. గేము పూర్తయ్యేసరికి ఆయన సున్నాకి ఓడిపోయారు. జీవితంలో అంత ఆనందంగా ఆయన్ని ఎవరూ చూడలేదు. పరాంకుశం గారి గదిలోకి వెళ్ళి, తన ఆట ఈ జిల్లాలోని ఏ హాల్లోనూ పట్టదనీ, పోటీకి కుర్రాణ్ణి పంపించడమే మంచిదనీ స్వయంగా సిఫార్సు చేశారు.

ఇక పోటీ. మొదట ఏ శాఖలో జరపాలన్న ప్రశ్న వచ్చింది. విచారిస్తే జిల్లాలో ప్రతి శాఖకీ బల్ల వచ్చింది గానీ దేనికీ ప్రారంభోత్సవం కాలేదు. అందరూ కమిషనర్ గారి కోసమే ఎదురుచూస్తున్నారు. నిర్వస్తుక సాధన సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, అందరూ అదే పద్ధతిలో తయారై కూర్చున్నారు. బల్ల బాగా భద్రంగా ఉన్నచోటే పోటీ పెట్టాలని తీర్మానించారు. దాంతో ఉపకరణ పరిరక్షణ శాఖకి ఆ గౌరవం దక్కింది. పరాంకుశం గారు ఆనందం పట్టలేక బల్ల మీద రెండో పాలిథిన్ కవరు వేయించారు.

పోటీలో నరహరికి పెద్దగా ఇబ్బంది కలగలేదు. సరిహద్దు రాళ్ళ శాఖ నుంచి వచ్చినాయన తన బంతి పక్క జిల్లాలోకి పోయిందని విని పొంగిపోయాడు. అవతల శాఖల్లో కూడా మనుషులు మనుషులే కదా. పైవాళ్ళని పొగడడం ప్రతి గుమాస్తాకీ వచ్చు. కానీ పాయింటు లాక్కుంటూ పొగడడం నరహరి కనిపెట్టిన విద్య. అది చూసి పరాంకుశం గారు ముందు వరసలో కూర్చుని తలాడించారు. ఆయనకి ఆ ఆటలో లోతైన టెక్నిక్ ఏదో కనిపించింది.

చిక్కంతా ఫైనల్లో వచ్చింది. ఎదుట రహదారి సూచికల శాఖ ఇంజినీరు ఏకాంబరం గారు. సన్నటి మనిషి, గట్టి మనిషి, నవ్వు అనేది ఎరగడు. నరహరి మామూలు ప్రకారం షాటు రోడ్డు మీదికి పోయిందన్నాడు.

"పోదు" అన్నాడు ఏకాంబరం. "నేను బలంగా కొట్టను, కొలత ప్రకారం కొడతాను. నా బంతి బల్ల అంచుకి రెండంగుళాలు లోపలే పడుతుంది."

సందేహం కలిగింది. సీనియారిటీ చూశారు. పాయింటు ఏకాంబరానిది. ఆ తర్వాతదీ ఆయనదే, ఆ తర్వాతదీ ఆయనదే. నరహరి పొగడ్తలు గోడకి కొట్టిన మట్టిముద్దల్లా జారిపోయాయి. ఇంకొక్క పాయింటు పోతే ఆట అయిపోతుంది. నరహరికి మైత్రి వేసిన బొమ్మలో ఫోన్ గుర్తుకొచ్చింది. వచ్చే ఏడాది ఆ పిల్ల ఏం వేస్తుందో అనుకున్నాడు. ఏకాంబరం వంక కాకుండా బల్ల వంక చూశాడు. రెండు కవర్ల కింద, రిబ్బను వెనక, అది అలా నిక్షేపంగా పడి ఉంది.

ఏకాంబరం కొట్టాడు. నరహరి వినయంగా తల వంచాడు.

"మీ బంతి కొలత ప్రకారమే పడింది సార్, అందులో అనుమానం లేదు. మీరనుకున్న చోటే పడింది. అక్కడ బల్లే లేదు."

ఏకాంబరం కనుబొమలు ముడిచాడు.

"బల్ల లేకపోవడమేంటి?"

"కాంట్రాక్టరు సప్లై చేసిన బల్ల సార్ ఇది" అన్నాడు నరహరి.

ఇంజినీరుకి అంతకన్నా చెప్పక్కర్లేదు. ఏకాంబరం బల్ల వంక చూశాడు. అతని ముఖంలో సర్వీసంతా పడ్డ బాధ కనిపించింది. పొట్టి స్తంభాలు, సన్న ఇనుము, ఇసుకే తప్ప సిమెంటు లేని దిమ్మెలు ఎన్ని చూశాడో పాపం. తక్కువ వేసేసుంటాడు వెధవ, అని గొణుక్కున్నాడు. కొలిచి చూద్దామంటే కవరు తియ్యకూడదు. తియ్యకుండానే తనకి తెలుసన్నాడు. పాయింటు నరహరికిచ్చేశాడు. అక్కడినుంచి ఏకాంబరం కొట్టిన ప్రతి బంతీ ఉండాల్సిన చోటే పడింది, బల్ల మాత్రం అక్కడ లేకుండా పోయింది. తన తప్పు ఇసుమంతైనా లేదని అందరి ముందూ రుజువవుతుంటే ఆయన ఓటమిని కూడా లెక్కచెయ్యలేదు. ఆఖరికి వచ్చి నరహరి చెయ్యి కుదిపి, ఇన్నాళ్ళకి తన బాధ అర్థం చేసుకున్నవాడు కనిపించాడని వెళ్ళిపోయాడు.

నరహరి జిల్లా ఛాంపియన్ అయ్యాడు. బంతిని ఒక్కసారి కూడా చూడకుండా అయ్యాడు. కమిషనర్ గారు బహుమతి ఇవ్వడానికి వస్తానన్నారు గానీ రాలేకపోయారు, వచ్చినట్టే భావించమని ఫోన్ చేశారు. ఖాళీ కుర్చీకి దండ వేశారు. కప్పును కవరుతోసహా ఒకసారి నరహరి చేతికిచ్చి ఫోటో తీసి, వెంటనే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. బీరువా అద్దంలోంచి దాన్ని చూసుకునేందుకు దక్షిణామూర్తి గారు రోజూ కాసేపు అక్కడ నిలబడేవారు.

బదిలీ ఉత్తర్వు కూడా వచ్చింది. మాట తప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పరాంకుశం గారు నరహరిని పిలిచి, గొంతు సవరించుకుని చదివారు.

"శ్రీ గుమ్మడి నరహరిని వారి అభీష్టం మేరకు నర్సీపట్నం ఉప కార్యాలయానికి బదిలీ చేయడమైనది. సదరు ఉప కార్యాలయ భవనము నిర్మాణము పూర్తియై ప్రారంభోత్సవమునకు నిరీక్షించుచున్నందున, అది జరుగువరకు వీరు ప్రస్తుత స్థానములోనే విధులు నిర్వహించుచు, నర్సీపట్నములో ఉన్నట్లుగా భావింపబడుదురు."

చదివి, కంగ్రాట్స్ అన్నారు. నరహరి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. కాసేపటికి నీరజకి ఫోన్ చేసి, ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అయితే వచ్చేసినట్టేనా?" అంది నీరజ.

"కాగితం ప్రకారం వచ్చేసినట్టే."

"సరే. గ్యాస్ బండ అయిపోయింది. మార్చేశారని అనుకుంటాను." అని, ఆవిడే మళ్ళీ అంది. "ఇవాళ మైత్రి ఇంకో బొమ్మ వేసిందండీ. ఈసారి ఫోన్ కూడా వెయ్యలేదు."

నరహరి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లేచాడు. మెట్లెక్కి తిన్నగా పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాడు. తలుపు కూడా తట్టలేదు. చేరిన ఇన్నేళ్ళలో అతను ఆ గదిలోకి అలా వెళ్ళడం అదే మొదలు.

"నేనిప్పుడు ఎక్కడున్నట్టు సార్?" అని అడిగాడు.

నిబంధన ప్రకారం నర్సీపట్నంలోననీ, భౌతికంగా ఇక్కడననీ పరాంకుశం గారు ఓపిగ్గా వివరించారు. మనిషి ఒకచోటా భావన ఇంకోచోటా ఉండడం తప్పు కాదు, రెండూ ఎక్కడో ఒకచోట ఉంటే చాలన్నారు.

"అయితే సార్, వాటిని అటుదిటు చేద్దాం. మనిషిని నర్సీపట్నంలో ఉంచి, ఇక్కడున్నట్టు భావించండి."

పరాంకుశం గారు కాదనడానికి నిబంధన ఏదైనా ఉందేమోనని పైకప్పు వంక చూశారు. ఫ్యాను కనిపించింది. రెక్కలకి కాగితాలు చుట్టుకుని, కొత్తగా, తళతళలాడుతూ, ఒక్కసారి కూడా తిరగకుండా. ఆయన ముఖం మెల్లిగా వికసించింది. నరహరి కూర్చునే కుర్చీ ఇక అరగదు. అతని బల్ల మీద గీతలు పడవు. అతని పెన్నులో సిరా అయిపోదు. అంత భద్రంగా కాపాడిన సీటు రాష్ట్రం మొత్తం మీద ఇంకోటి ఉండదు. తన పద్ధతి ఇంత దూరం వెళ్తుందని తనకే తోచలేదని ఆయన నరహరి భుజం తట్టారు. ఆ మధ్యాహ్నమే నరహరి కుర్చీకి ఇంకో కవరు తొడిగి, దారంతో కట్టారు. తర్వాత కొంతకాలానికి, ఒక్క తప్పు కూడా చెయ్యని ఉద్యోగిగా నరహరికి పైనుంచి మెచ్చుకోలు పత్రం వచ్చిందని చెప్పుకున్నారు. ఆ పత్రాన్ని ఆ కుర్చీలోనే ఉంచారట.

నర్సీపట్నం బళ్ళో ఆవరణ చివర ఒక సిమెంటు బల్ల ఉంది. దాన్ని ఎవరు కట్టారో తెలియదు, ఎవరూ ప్రారంభించలేదు. రంగు ఎప్పుడో పోయింది. వల బదులు మధ్యలో ఇటుకలు పేర్చారు. సాయంత్రం బడి వదిలాక నీరజ ఆ బల్ల పక్కన నిలబడి ఉంది. ఆ చివర మైత్రి, రబ్బరు ఊడిన బ్యాటుతో. ఈ చివర నరహరి. నాన్న జిల్లా ఛాంపియన్ అని అమ్మ చెప్పడంతో, మైత్రి కొంచెం బెదురుగానే చూస్తోంది.

నరహరి మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. మైత్రి బంతి కొట్టింది. అది ఇటుకల మీదుగా వచ్చి, ఎడం వైపు పడి లేచింది. నరహరి చెయ్యి అందంగా, సాఫీగా, ఎన్ని రోజుల సాధనో గాల్లో కనబడేలా కదిలింది. చూస్తే దక్షిణామూర్తి గారు చప్పట్లు కొట్టేవారు. బంతి మాత్రం అతని చేతిని దాటి వెనక్కి పోయి తుమ్మచెట్టు మొదట్లో ఆగింది.

నరహరి వెళ్ళి బంతిని తీసుకున్నాడు. చిన్నగా, గట్టిగా ఉంది. ఒకవైపు కాస్త సొట్ట పడింది. ఇలాంటిది చేత్తో పట్టుకుని ఎంత కాలమైందో అనుకున్నాడు. వెనక్కొచ్చి, అలవాటుకొద్దీ అనేశాడు.

"ఎంత గట్టిగా కొట్టావు తల్లీ, బల్ల దాటి పోయింది."

మైత్రి ఒప్పుకోలేదు. బల్ల చుట్టూ తిరిగి నాన్న దగ్గరకి వచ్చి, సిమెంటు మీద బంతి పడిన చోటు వేలితో చూపించింది. అక్కడ దుమ్ములో చిన్న గుండ్రటి మచ్చ ఉంది.

"దాటలేదు నాన్నా. ఇదిగో, ఇక్కడ పడింది. నీకే తగల్లేదు. పాయింటు నాదే."

నరహరి ఆ మచ్చని చూశాడు. నీరజ వంక చూశాడు. ఆవిడ పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"నేను ముందే చెప్పాను కదండీ" అంది. "ఎడమ వైపు."

"నీదేనమ్మా" అన్నాడు నరహరి మైత్రితో. అతనికి చెప్పలేనంత సంతోషంగా ఉంది. బంతిని కూతురి చేతిలో పెట్టి, తన వైపుకి వచ్చి నిలబడ్డాడు. "ఇంకోటి వెయ్యి. అటే వెయ్యి."